కథ కంచికి వెళ్లలేదు

మా నానీకి చదువు రాదు. కథలు మాత్రం లెక్కలేనన్ని వచ్చు. ఇషా నమాజు ముగించుకుని, లాంతరు వత్తి తగ్గించి, వాకిట్లో నులకమంచం మీద మా నలుగురు పిల్లల్నీ చుట్టూ పడుకోబెట్టుకుని అలిఫ్ లైలా కథలు చెప్పేది. సగం తెలుగులో, సగం ఉర్దూలో. షహర్‌యార్ బాద్షా కథ ఆమె నోటనే మొదటిసారి విన్నాను. భార్య మోసం చేసిందని మొత్తం ఆడజాతి మీదే కసి పెంచుకున్న బాద్షా, రోజుకొక కన్నెపిల్లను నిఖా చేసుకుని తెల్లారేసరికి తల తీయించేవాడు. మూడేళ్లు అలా సాగాక వజీరు కూతురు షహర్‌జాద్ తానే కోరి అతన్ని చేసుకుంది. రాత్రికింత కథ చెప్పి, మంచి పట్టులో ఆపేసి, వెయ్యిన్నొక్క రాత్రులు ప్రాణం నిలుపుకుంది. చివరికి బాద్షా మనసు మారింది. అందరూ సుఖంగా ఉన్నారు.

నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్లు. "మరి చచ్చిపోయిన పిల్లల సంగతేంటి నానీ?" అని అడిగాను.

నానీ కాసేపు మాట్లాడలేదు. "వాళ్లకు కథ లేదు బేటీ. కథ చెప్పినదానికే ప్రాణం దక్కింది. పడుకో" అంది.

ఆ జవాబు నాకు నచ్చలేదు. అయినా నిద్ర పట్టింది. కథల పని అదే కదా. మా బడిలో తెలుగు మాస్టారు ఏ కథ చెప్పినా చివర "కథ కంచికి, మనం ఇంటికి" అనేవారు. ఆ మాట వినగానే పలకలు సర్దుకుని లేచేవాళ్లం. కథ కంచికి వెళ్లిపోయాక దాన్ని ఇంకేమీ అడగకూడదన్నమాట.

అలా వెళ్లిపోయిందనుకున్న కథ ఎన్నో ఏళ్లకు నవలగా నా చేతికి తిరిగొచ్చింది. ఈజిప్టు రచయిత నగీబ్ మహఫూజ్ 1982లో అరబ్బీలో ప్రచురించిన నవల అది. డెనిస్ జాన్సన్ డేవిస్ ఇంగ్లీషు అనువాదం 'అరేబియన్ నైట్స్ అండ్ డేస్' పేరుతో 1995లో వచ్చింది. ఇష్టంగా చదివాను. మళ్లీ చదివాను. ఆ ఇష్టం గురించే ఇప్పుడు మాట్లాడాలనుకుంటున్నాను. ఎందుకంటే ఆ ఇష్టంతోనే నాకు ఒక తగువుంది. ఇంత నెత్తురున్న కథను, అందులోనూ 'మీ కథ' అంటూ లోకం నా నెత్తిన పెట్టిన కథను, నేను ఆనందించవచ్చా? ఆనందిస్తే ఎవరి పక్కన కూచుని ఆనందించినట్టు?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. కాలేజీలో ఒకరోజు మాటల మధ్యలో అలిఫ్ లైలా ప్రస్తావన వచ్చింది. "మీ బాద్షాలంతా అంతేగా, రోజుకో పెళ్లి, రోజుకో చావు" అన్నాడొక సహాధ్యాయి. అందరూ నవ్వారు. అతనికి నామీద పగేమీ లేదు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికొచ్చి పుస్తకాలు వెతికాను. జవాబులు పోగుచేసుకున్నాను. షహర్‌యార్‌ను ఆ కథే సాసానీ వంశపు రాజంటుంది. అంటే ఇస్లాంకు ముందరి పారశీక రాజవంశం. ఆ పేర్లూ పారశీకం పేర్లే. పదో శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ అల్ నదీమ్ తన గ్రంథసూచిలో ఇలాంటి కథలకు 'హజార్ అఫ్సాన్' అనే పారశీక పుస్తకం మూలమని రాశాడు. అది అంత గొప్ప పుస్తకమేమీ కాదని కూడా తేల్చేశాడు. కథలో కథ అల్లే పద్ధతికి మూలాలు మన దేశంలోనే ఉన్నాయని పండితులంటారు. ఆ మాటకొస్తే మన తెలుగులో అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి' ఉండనే ఉంది. హేమవతి అనే ఇల్లాలు ప్రియుడి దగ్గరికి వెళ్లకుండా ఒక హంస ఇరవై రాత్రులు కథలు చెప్పి ఆపుతుంది. రాత్రుల్ని కథలతో కాపాడటం ఒక్క బాగ్దాదు సొత్తేమీ కాదు.

ఇవన్నీ నిజాలే. వాదనలో నాకు బాగా పనికొచ్చాయి. ఎదుటివాళ్ల నోళ్లు మూయించాను. కానీ వాదిస్తూ వాదిస్తూ నేను షహర్‌యార్ తరఫు వకీలునయిపోయాను. అతను మావాడు కాదని నిరూపించడానికి ఇంత తంటాలు పడ్డానే, అతను చంపినవాళ్లు నాకేమవుతారని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వాకిట్లో ఆ ప్రశ్న అడిగిన ఏడేళ్ల పిల్ల ఎటు పోయిందో నాకే తెలియలేదు.

మైనారిటీ ఇళ్లలో పుట్టినవాళ్లకి ఈ కష్టం చెప్పక్కర్లేదు. మన ఇంట్లో ఏదైనా తప్పు కనబడితే రెండు చూపులు మనల్ని చూస్తుంటాయి. బయటివాళ్లు ఆ తప్పును మన ముఖానికి అతికించడానికి కాచుక్కూచుంటారు. లోపలివాళ్లు నోరెత్తొద్దని కళ్లతోనే చెబుతారు. ఇంటిగుట్టు లంకకు చేటంటారు కదా. ఈ రెండింటి మధ్య మనిషి తన కథను తాను ఆనందించడం కూడా మర్చిపోతాడు. కథ వినేటప్పుడు సైతం సంజాయిషీ తయారు చేసుకుంటూ వింటాడు.

సినిమాహాల్లోనూ ఇంతే. 1957లో 'అల్లావుద్దీన్ అద్భుత దీపం' వచ్చింది. అందులో అక్కినేని నాగేశ్వరరావు అల్లావుద్దీన్. 1970లో 'ఆలీబాబా 40 దొంగలు' వచ్చింది. అందులో ఎన్టీఆర్ ఆలీబాబా. తర్వాత ఎప్పుడో మా ఊరి టాకీసులో రెండూ చూశాను. మా ఇళ్లలో పెట్టుకునే పేర్లున్న నాయకులకు హాలంతా ఈలలు వేస్తుంటే ఒళ్లు పొంగిపోయింది. బయటికొచ్చాక అర్థమైంది. బాగ్దాదులో ఉన్నంతసేపూ మేం నాయకులం. బస్టాండు దగ్గరికొచ్చేసరికి మళ్లీ సాయిబులం. 1992లో హాలీవుడ్ నుంచి డిస్నీవారి అల్లావుద్దీన్ బొమ్మల సినిమా వచ్చింది. అల్లావుద్దీనూ రాకుమారీ అమెరికా యాసలో మాట్లాడతారు, దుర్మార్గులదీ బజారు మనుషులదీ మాత్రం అరబ్బు యాస. మొదటి పాటలో అరబ్బుల దేశాన్ని చెవులు కోసే దేశంగా చెప్పిన మాటల మీద అమెరికాలోని అరబ్బులు నిరసన తెలిపితే 1993లో వీడియో విడుదల చేసేటప్పుడు ఆ మాటలు మార్చారు. పిల్లలు మాత్రం ఆ సినిమా చూసి కేరింతలు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో కొంచెం సిగ్గు కలిసింది.

ఈ సిగ్గూ, ఈ సంజాయిషీ మోసుకుంటూనే మహఫూజ్ నవల తెరిచాను. మొదటి పేజీల్లోనే ఆశ్చర్యపోయాను. మా నానీ ఆపిన చోట ఆయన మొదలుపెట్టాడు. కథలన్నీ అయిపోయిన తెల్లవారుజామున వజీరు దందాన్‌కు సుల్తాను కబురు చేస్తాడు. కూతురు బతుకుతుందా చస్తుందా అని వణుకుతూ వెళతాడు ముసలాయన. షహర్‌జాద్‌ను భార్యగా ఉంచుకుంటున్నానని సుల్తాను చెబుతాడు. సంతోషంతో కూతురి దగ్గరికి పరుగెత్తుతాడు. అక్కడ ఆమె ముఖంలో సంతోషం లేదు. నెత్తురు ఆపడానికి నన్ను నేను బలి ఇచ్చుకున్నాననీ, అతను దగ్గరికొచ్చినప్పుడల్లా నెత్తురు వాసన వస్తుందనీ ఆమె తండ్రికి చెబుతుంది.

అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను. నానీ మంచం దగ్గర నేనడిగిన ప్రశ్నను ఎక్కడో కైరోలో ఒక పెద్దాయన కూడా అడిగాడు. అదీ మా ఇంటి మనిషిలాగే అడిగాడు. ఎగతాళి లేదు, పరువు కాపాడుకునే తాపత్రయమూ లేదు.

నానీ కథలో "బాద్షా మారాడు, అందరూ సుఖంగా ఉన్నారు" అనేది ఒక్క వాక్యం. ఒక్క వాక్యంలో ఏమైనా అనొచ్చు. వెయ్యి హత్యల్ని మాఫీ చేయొచ్చు. పిట్టకథకు ఆ వెసులుబాటు ఉంది. నవలకు లేదు. ఆ ఒక్క వాక్యం లోపలికి వెళ్లి రోజులూ నెలలూ బతకాలి. మారిన సుల్తాను మర్నాడేం చేశాడు? అతని పోలీసు పెద్ద ఎవర్ని జైల్లో పెట్టాడు? పిల్లల్ని పోగొట్టుకున్న వీధుల్లో జనం ఏం మాట్లాడుకున్నారు? క్షమాపణ చెప్పుకోవడం సులువు, దాంతో కాపురం చెయ్యడం కష్టం. చిన్న కథ నవల అంత పొడుగు సాగినప్పుడు జరిగేది ఇదే. దాటవేయడానికి చోటుండదు. పాత కథను నవలగా మళ్లీ చెప్పడంలో ఉన్న న్యాయం నాకు ఇక్కడ కనబడింది.

ఈ నవలలో జిన్నులున్నాయి, ఉంగరాలున్నాయి, మాయ టోపీ ఉంది. నవ్వు కూడా ఉంది. అనీస్ అల్ జలీస్ అనే అందగత్తె మాయలో పడి ఊరి పెద్దలంతా, చివరికి సుల్తానుతో సహా, బట్టల్లేకుండా బీరువాల్లో బందీలయ్యే ఘట్టం చదివి పడిపడి నవ్వాను. కానీ ఇక్కడ మాయ ఎవర్నీ గట్టెక్కించదు. సనాన్ అనే వర్తకుడికి ఒక జిన్ను కనబడి గవర్నర్‌ను చంపమంటుంది. ఆ ఒత్తిడిలో అతను పదేళ్ల పసిపిల్లను చెరిచి చంపుతాడు. తర్వాత గవర్నర్‌నూ చంపి, కాపాడమని జిన్నును వేడుకుంటే అది తప్పుకుంటుంది. నువ్వు చేసింది నువ్వే మొయ్యాలంటుంది. సనాన్ కొడుకు ఫాదిల్‌కు మనిషిని కనబడకుండా చేసే టోపీ దొరుకుతుంది. షరతు ఒక్కటే. ఏమైనా చెయ్యొచ్చు, అంతరాత్మ చెప్పిన పని మాత్రం చెయ్యకూడదు. అధికారం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నాకింతకంటే మంచి షరతు తెలియదు.

అన్నిటికంటే నన్ను కదిలించింది అల్లావుద్దీన్. ఈ నవలలో అతని దగ్గర దీపం లేదు. మంచి కుర్రాడు, ఒక సూఫీ గురువు శిష్యుడు, ఆ గురువుకే అల్లుడు. పోలీసు పెద్ద కొడుకు అతని మీద పగబట్టి, దొంగసొమ్ము అతనింట్లో దొరికేలా పన్నాగం పన్నుతాడు. అల్లావుద్దీన్ తల తెగుతుంది. ఏ జిన్నూ రాదు. తర్వాత నీళ్లు మోసుకునే ఇబ్రహీం అనే పేదవాడు రాత్రిపూట ఉత్తుత్తి సుల్తాను వేషం కట్టి, ఉత్తుత్తి దర్బారులో ఆ కేసు మళ్లీ విచారించి అసలు దోషుల్ని బయటపెడతాడు. మారువేషంలో తిరిగే నిజం సుల్తాను అది చూసి సిగ్గుపడి అప్పుడు శిక్షలు వేస్తాడు. న్యాయం వచ్చింది. కుర్రాడు రాలేదు.

ఈ భాగం చదువుతుంటే నాకు హైదరాబాదే కళ్లముందు మెదిలింది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎంతోమంది ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారు. తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. బయటపడ్డవాళ్లు ప్రాణాలతో వచ్చారు, అల్లావుద్దీన్ కంటే అదృష్టవంతులే. కానీ పోయిన నెలల్నీ, పోయిన చదువుల్నీ, పెళ్లిసంబంధాల్నీ తెచ్చిచ్చే దీపం ఎక్కడుంది? పాత అల్లావుద్దీన్ కథ చదివి నేను కలలు కన్నాను. ఈ అల్లావుద్దీన్ కథ చదివి మా వీధిని గుర్తుపట్టాను. రెండో ఆనందం మొదటిదానికంటే పెద్దదని చెప్పడానికి నాకిప్పుడు సంకోచం లేదు.

ఆనందం అంటున్నాను. ఇంత దుఃఖం చదివి ఆనందమేమిటని అడగొచ్చు. నిజమే, ఇది నిద్రపుచ్చే ఆనందం కాదు. ఎన్నాళ్లనుంచో గొంతులో అడ్డంపడిన మాటను మరొకరు పైకి అంటే కలిగే ఊరట ఇది. ఆ నవల చదివినంతసేపూ నేనెవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. షహర్‌యార్ ఎవరివాడని ఎవరూ నన్ను అడగలేదు. అతను హంతకుడు, అంతే. హంతకుణ్ని హంతకుడనడానికి అతని వంశం వెతకక్కర్లేదు.

రెండు అభ్యంతరాలు ఊహించగలను. మొదటిది మన పెద్దలది. "అసలే మనమీద పడి ఏడుస్తున్నారు, మన కథల్లోని చెడును మనమే పరచాలా?" అంటారు. ఈ భయం అబద్ధమని అనను. ఆ భయంతోనే నేనూ పెరిగాను. కానీ దాచడం వల్ల ఎవరు బాగుపడ్డారు? 1985లో కైరోలో ఒక కోర్టు అలిఫ్ లైలా ప్రతుల్ని అశ్లీలమని జప్తు చేయమంది. మరుసటి ఏడు పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 1959లో పత్రికలో ధారావాహికగా వచ్చిన మరో నవల మీది కోపంతో 1994 అక్టోబరులో ఒక యువకుడు మహఫూజ్ మెడ మీద కత్తితో పొడిచాడు. అప్పటికాయనకు 82 ఏళ్లు. ప్రాణం దక్కింది కానీ రాసే చెయ్యి దెబ్బతింది. మతం పరువు నిలబెడుతున్నామనుకున్నవాళ్లు చేసిన పని అది. ఆయన నవలలు ఎంతోమంది కళ్లకు చూపించిన ఈజిప్టు కంటే ఆ కత్తి చూపించిన ఈజిప్టు గొప్పదా?

రెండో అభ్యంతరం బయటినుంచి వస్తుంది. "చూశారా, మీ రచయితే ఒప్పుకున్నాడు" అంటారు. అననివ్వండి. మనం నోరు మూసుకున్నా వాళ్లు ఆ మాట అంటూనే ఉన్నారు. ఒక సంగతి మాత్రం అడగాలి. మహఫూజ్ తన సుల్తానును నిలదీసినట్టు మీరు మీ కథల్లోని రాజుల్ని నిలదీశారా? ప్రతి ఇంటి కథలోనూ చివరి సుఖవాక్యం కింద ఎవరో ఒకరు నలిగి ఉంటారు. ఎవరింటి లెక్క వాళ్లడగాలి.

ఇంతకీ ఈ కథ మా ఇంటిదేనా? కచ్చితంగా చెప్పడం కష్టం. అల్లావుద్దీన్ కథనే తీసుకోండి. హలబ్ నగరానికి చెందిన హన్నా దియాబ్ అనే సిరియా క్రైస్తవ యువకుడు 1709లో పారిస్‌లో ఆంత్వాన్ గలాఁ అనే ఫ్రెంచి పండితుడికి చెప్పిన కథ అది. అంతకుముందటి అరబ్బీ ప్రతి ఏదీ దొరకలేదు. పైగా ఆ కథ జరిగేది చీనా దేశంలో. గలాఁ వాడిన పాత సిరియా రాతప్రతి పారిస్‌లో ఉంది. అందులో మూడువందల రాత్రులు కూడా లేవు. మధ్యలోనే ఆగిపోతుంది. అంటే బాద్షా మారినట్టూ, అందరూ సుఖంగా ఉన్నట్టూ అందులో లేనేలేదు. నేను చదివిన మహఫూజ్ కూడా ఇంగ్లీషు దారినే నా దగ్గరికొచ్చాడు. నానీ కథ సగం తెలుగు. ఇన్ని చేతులు మారిన కథకు పట్టా ఎవరి పేరున రాస్తాం? నాకు తోచింది ఒక్కటే. కథ ఎవరిదంటే, అందులో చచ్చిపోయినవాళ్ల లెక్క అడిగేవాళ్లది. అస్తిత్వమన్నా నా దృష్టిలో అంతే. తాతలనాటి గొప్పలు వల్లించినంతలో ఎవరూ వారసులైపోరు. ఆ ఇంటి అప్పులు కూడా నావేనని ఒప్పుకున్నప్పుడే వారసత్వం.

మహఫూజ్ చివర్లో సుల్తానును సింహాసనం దింపేస్తాడు. తనంత తానే దిగిపోయేలా చేస్తాడు. వెళ్లేముందు అతను షహర్‌జాద్‌తో మాట్లాడతాడు. ఆమె దేహం దగ్గరికొచ్చినా మనసు రావడం లేదని తనకు మొదటినుంచీ తెలుసంటాడు. క్షమాపణ తనకు దొరకలేదని ఒప్పుకుని రాజ్యం కొడుక్కి వదిలి వెళ్లిపోతాడు. ఆఖరికి ఊరి బయట ఒక బండ దగ్గర ఏడుస్తున్న మనుషుల గుంపులో ఒకడవుతాడు. అతని ఏడుపు మీద నాకు జాలి కలగలేదు. కానీ అతను ఏడవాల్సిన చోటే ఏడుస్తున్నాడనిపించింది.

నానీ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనే నానీని. మొన్నామధ్య నా మనవరాలికి ఇదే కథ చెప్పాను. నులకమంచం లేదు, లాంతరు లేదు, నా తెలుగులో ఉర్దూ పాలు కూడా తగ్గింది. కథ అయ్యాక అది వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. "రోజుకొకరు, మూడేళ్లు. అంటే వెయ్యిమందికి పైనే కదా నానీ?" అంది. అవునన్నాను. "షహర్‌జాద్ కూడా వెయ్యిన్నొక్క రాత్రులే చెప్పిందిగా. మరి ఒక్కొక్కళ్ల కోసం ఒక్కో కథ చెప్పిందా?"

ఇన్నేళ్లలో నాకా లెక్క తట్టలేదు. కథలో అలా ఎక్కడా లేదు. లేదని చెప్పి పడుకోబెట్టొచ్చు. మా నానీ అన్న మాటే అనొచ్చు. నేను లేచి దీపం వేశాను. "నాకు తెలీదు బేటీ. వాళ్లెవరో, ఏ వీధివాళ్లో ముందు మనిద్దరం ఆలోచిద్దాం" అన్నాను.

ఆ రాత్రి ఇద్దరం ఆలస్యంగా పడుకున్నాం.